ఇంటింటా ఇంజనీరింగ్: పాత సీసా, కొత్త మూత



గత సంచికలో ప్రెషర్ కుక్కరు వెయిటు గూర్చి, రబ్బరు వాషరు గూర్చి ముచ్చటించుకొన్నాము. దానిపై వచ్చిన ఉత్తరములలో ఒకటి ఈ పర్యాయము మా శీర్షికకు విషయమును సమకూర్చినది. ఇటీవలనే బదిలీపై కోల్‌కతాకు వచ్చిన ఒక సహోద్యోగి సతీమణి ఇట్లు వ్రాసినారు: "ఖిదిర్‌పూర్‌లో పాత గాజు సీసాలు చవకగా దొరకునని విన్నాము. వానిలో ఊరగాయలు, జామ్ నిల్వ చేయవచ్చునా? కొనునప్పుడు ఏమి చూడవలెను?"

ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానము నేర్చుకొనుటలో మా యింట ఒకరి చేతికి మూడు కుట్లు పడినవి. ఒక చిరకాల స్నేహము కొంతకాలము చిన్నబోయినది. అందుచేత ఈ సోదరికి రెండు వాక్యములలో జవాబు వ్రాసి ఊరకొనలేక, జరిగినది జరిగినట్లు మనవి చేయుచున్నాము.

మేము 2019 ఫిబ్రవరిలో విశాఖపట్టణము నుండి ఇక్కడికి వచ్చినాము. లారీ నుండి సామాను దించునప్పటికి మా అమ్మగారి నాలుగు పింగాణీ జాడీలలో మూడు ముక్కలైనవి. అమ్మగారు ఒక్క మాట అనలేదు. ముక్కలను గోనెసంచిలో మూటగట్టించి, మిగిలిన జాడీని గుడ్డతో తుడిచి అటక మీద పెట్టించినారు. ఆవకాయకు ఇంక రెండు నెలలు కూడ లేదు. ఆ మౌనము మమ్ములను ఖిదిర్‌పూర్ దారి పట్టించినది.

గార్డెన్ రీచ్ వైపు పనిచేయు తెలుగువారికి ఖిదిర్‌పూర్ కొత్త కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము గార్డెన్ రీచ్‌లోనే కలదు. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండియు మనవారు ఈ దారిన వచ్చుచు పోవుచున్నారు. 1892లో ఖిదిర్‌పూర్ డాకులోనికి ఓడల రాకపోకలు మొదలైనవి. ఓడలతో వచ్చిన విదేశీ వస్తువులకు ఇక్కడి ఫ్యాన్సీ మార్కెట్ పేరుపొందినది. క్రొత్త వస్తువు వచ్చు చోట పాత వస్తువు కూడ పోగగుట సహజమే గదా.

కోల్‌కతా వీధులలో "శిశీ-బోతల్" అని కేకవేయుచు పోవు బిక్రీవాలాను చూడనివారుండరు. మన వైపు పాత పేపర్లవాని వంటివాడే. ఇంటింట కొన్న సీసాలను అతడు ఏదో ఒక పాతసామాన్ల దుకాణమునకు చేర్చును. అచ్చట వానిని రంగు ప్రకారము, పరిమాణము ప్రకారము వేరుచేయుదురు. పగిలినవి పెంకులై గాజు కొలుములకు పోవును. చెక్కుచెదరనివి తిరిగి మనవంటివారి వంటయిండ్లకు వచ్చును. హుగ్లీ జిల్లా రిష్రా వంటి చోట్ల దశాబ్దములుగా గాజు కర్మాగారములు నడచిన ప్రాంతమిది. పాత గాజుకు ఇచ్చట ఎన్నడును గిరాకీ తప్పలేదు.

మేము వెళ్ళినది మార్కెటు వెనుక సందులో ఒక వృద్ధుని దుకాణమునకు. అందరును ఆయనను చాచా అని పిలుతురు. మేమును అట్లే పిలిచినాము. జామ్ సీసాలు, తేనె సీసాలు, కాఫీ సీసాలు, తీగ కొక్కెముతో గాజు మూత బిగించు విదేశీ సీసాలు నేల నుండి కప్పు వరకు పేర్చియుండెను. బేరమాడి మూతలతో సహా పదునాలుగు సీసాలు కొన్నాము. ముప్పది యేండ్లుగా కర్మాగారములోనికి వచ్చు ప్రతి వస్తువును పరీక్షించి గాని లోనికి రానీయని మేము, ఆనాడు ఒక్క సీసానైనను వెలుతురునకెత్తి చూడలేదు.

అవి రేగుపండ్ల రోజులు. వంగదేశమున వానిని కుల్ అందురు. సరస్వతీ పూజ ముగియువరకు నోట పెట్టరాదని ఇక్కడి ఆచారము. పూజ ముగిసిన మరుసటి ఆదివారము మా శ్రీమతి రేగుపండ్లతో, బెల్లముతో తీపి పచ్చడి వండినారు. "మరుగుచుండగనే సీసాలో పోయవలెను, అప్పుడే సూక్ష్మజీవులు నశించును" అని మేము ప్రక్కన నిలిచి శాస్త్రము చెప్పినాము. శాస్త్రము సరియైనదే, సగమే. సీసా అప్పుడే కుళాయి క్రింద చన్నీటితో కడిగినది. గరిటెడు పాకము పడినదో లేదో, సీసా అడుగు కత్తితో కోసినట్లు గుండ్రముగా ఊడిపోయినది. కాగిన బెల్లము ఆమె ఎడమ చేతి మీద పడినది. గాజు అంచు మణికట్టును కోసినది. మూడు కుట్లు పడినవి.

ఆసుపత్రి నుండి తిరిగి వచ్చునప్పుడు ఆమె ఒక్కటే అడిగినారు: "మీరు పనిచేసే చోట కూడా ఇలాగే, పరీక్ష చేయకుండానే వాడేస్తారా?"

మరునాడు ఊడిన ఆ అడుగును కాగితములో చుట్టుకొని చాచా వద్దకు వెళ్ళినాము. నిజము చెప్పవలెనన్న కొట్లాడుటకే వెళ్ళినాము. ఆయన ఆ ముక్కను వెలుతురులో త్రిప్పి, అంచున తెల్లగా గీసుకొనిపోయిన చారను గోటితో చూపినారు. "దాదా, ఇది ఏళ్ళ తరబడి రాతి గట్టు మీద ఈడ్చిన సీసా. పచ్చడి చల్లగా పెట్టుకుంటే ఇంకో పదేళ్ళు ఉండేది. కొనేవాడు సీసా నోరు చూడాలి, అడుగు చూడాలి. మీరు ధర ఒక్కటే చూశారు" అన్నారు. మేము మారుపలుకలేదు.

ఆయన మాటలోని శాస్త్రమును కొంచెము విప్పి చూతము. జామ్ సీసా వంటి సాధారణ సీసాలన్నియు సోడా-సున్నపు గాజుతో చేసినవి. మీటరు పొడవు గల ఇట్టి గాజు కడ్డీ ఒక డిగ్రీ వేడికి సుమారు 9 మైక్రాన్లు పెరుగును. ప్రయోగశాలలలో వాడు బోరోసిలికేటు గాజు 3 మైక్రాన్లకు కొంచెము మించి మాత్రమే పెరుగును. గాజు వేడిని త్వరగా ప్రసరింపనీయదు. మరుగు పాకము పోసినప్పుడు లోపలి పొర వెంటనే వ్యాకోచింపజూచును. బయటి పొర ఇంకను చల్లగా నుండి కదలదు. ఫలితముగ బయటి పొర సాగదీయబడును. గాజు ఒత్తిడిని బాగుగా భరించును గాని, సాగదీతను ఓర్చలేదు. దానిపై గీత యున్నచో సాగదీత అంతయు ఆ గీత మొన వద్దనే కేంద్రీకరించును. 1921లో గ్రిఫిత్ అను ఆంగ్ల ఇంజనీరు గాజుపై పరిశోధించి, పదార్థముల బలము వానిలోని సూక్ష్మమైన పగుళ్ళపై ఆధారపడునని నిరూపించినాడు. పాత సీసా అనగా గీతలు పడిన సీసా. క్రొత్తదానికి, పాతదానికి గల అసలు భేదమిదియే.

కావున సాధారణ సీసాకు హఠాత్తుగా 40 డిగ్రీలకు మించి వేడి తేడా తగులనీయరాదు. 25 డిగ్రీల సీసాలో 100 డిగ్రీల పాకము పోసిన మేము ఆ హద్దును రెట్టింపునకు దరిదాపుగా దాటినాము.

ఆ పిమ్మట మేము మా యింటికొక తనిఖీ పట్టిక వ్రాసుకొన్నాము. ఆరు సంవత్సరములుగా దీనిని దాటి ఏ సీసాయు మా వంటయింటిలోనికి రాలేదు.

మొదటిది, పూర్వచరిత్ర. ఆహారపదార్థపు సీసాయని చీటీ వలన గాని, మూత వలన గాని, గాజుపై అచ్చు వలన గాని తేలవలెను. అది తేలని సీసా ఎంత అందముగా నున్నను కొనరాదు. రేవు ప్రాంతమున రంగుల సీసాలు, రసాయనముల సీసాలు, మందుల సీసాలు కూడ అదే గుట్టలో నుండును. గాజు దేనిని పీల్చుకొనదన్నమాట నిజమే. కాని మూతి మరలలో, పగుళ్ళలో ఇరికిన దానిని మనము చూడజాలము.

రెండవది, అంచు. వ్రేలితో తడుమరాదు, తెగును. పాత నైలాను మేజోడు గాని, పలుచని పట్టుగుడ్డ గాని అంచు చుట్టును త్రిప్పవలెను. పెచ్చు ఊడిన చోట దారము తగులుకొనును. తగులుకొన్న సీసాను ప్రక్కన పెట్టుడు. తరువాత సీసాను చదునైన అద్దముపై బోర్లించి చూడవలెను. కదలినచో మూతి సమముగా లేదని అర్థము. దానికి ఏ మూతయు సరిగా బిగియదు.

మూడవది, భుజము, అడుగు. సూర్యుని వైపు గాక, వెలుతురుగల కిటికీ వైపు ఎత్తి మెల్లగా త్రిప్పవలెను. నక్షత్రము వలె మెరయు దెబ్బ గాని, వెండ్రుకవంటి గీత గాని కనబడిన సీసా వేడికి పనికిరాదు. వ్రేలి ముడితో తట్టిన ఖంగున మ్రోగవలెను. మూగగా పలికిన సీసాను నమ్మరాదు.

నాల్గవది, నీటి పరీక్ష. సీసాను నీటితో నింపి, దానికి వాడబోవు మూతనే బిగించి, పాత వార్తాపత్రికపై రాత్రంతయు బోర్లించియుంచవలెను. ఉదయము కాగితము పొడిగా నుండవలెను.

ఐదవది, వేడి పరీక్ష. వెడల్పు గిన్నె అడుగున మడత గుడ్డ వేసి, సీసాలను ఒకదానికొకటి తగులకుండ నిలిపి, లోపల, వెలుపల చన్నీరు పోసి, సన్నని మంటపై మెల్లగా కాచవలెను. పది నిమిషములు మరగనిచ్చి, పొయ్యి ఆర్పి, ఆ నీటిలోనే చల్లారనీయవలెను. పగులవలసిన సీసా ఈ గిన్నెలోనే, మన చేయి దూరముగా నున్నప్పుడే పగులును. మేము కొన్న పదునాలుగింటిలో ఒకటి శ్రీమతి చేతిలో పోగా, మూడు అంచు వద్ద, రెండు గిన్నెలో తప్పినవి. మిగిలినవి ఎనిమిది.

ఇచ్చట ఇంకొక సంగతి చెప్పవలెను. 2025 జూన్‌లో ఖిదిర్‌పూర్ ఆర్ఫన్‌గంజ్ మార్కెట్ అగ్నికి ఆహుతియై వందలాది దుకాణదారులు నష్టపోయిన విషయము మీలో పలువురికి తెలిసినదే. ఆ తరువాత మేము చాచాను చూడబోయినాము. వారి సందు వరకు మంట రాలేదు. పొగచూరిన సీసాలు రెండు బస్తాలు ఎవరో తెచ్చి ఇచ్చినారట. కడిగినచో మెరయును, అమ్మిన కొనువారున్నారు. ఆయన వానిని విడిగా పెట్టి, పెంకుల క్రింద పంపివేసినారు. "మంట చూసిన గాజు దాదా, ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం" అన్నారు. అక్షరాల నిజము. కర్మాగారములో సీసాను అచ్చు పోసిన పిదప క్రమముగా చల్లార్చి అంతర్గత బిగువులను తొలగింతురు. సుమారు 500 డిగ్రీలు దాటిన మంటలో పడి, నీరు చిమ్మగా ఆరిన గాజులో ఆ బిగువులు తిరిగి చేరును, కంటికి కనబడవు.

కనబడునట్లు చేయు చిన్న ఉపాయము కలదు. కంప్యూటరు తెరను తెల్లగా వెలిగించి, పోలరాయిడ్ చలువ కళ్ళద్దములను త్రిప్పుచు ఆ తెర నల్లబడు స్థానమున నిలిపి, మధ్యలో సీసాను పట్టి చూడుడు. బిగువున్న చోట వెలుగు చారలో, రంగులో కనబడును. పిల్లలకు కూడ మంచి వినోదము. ఇట్టి ధ్రువీకృత కాంతితోనే గాజు నాణ్యతను పరీక్షించుట పరిశ్రమలో వాడుక. గాజు, పింగాణీలపై పరిశోధించు కేంద్రీయ సంస్థ మన జాదవ్‌పూర్‌లోనే 1950 నుండి కలదు.

ఇక మూత సంగతి. మా రెండవ పొరపాటు ఇచ్చట జరిగినది. మిగిలిన ఎనిమిది సీసాలలో జామపండ్ల జెల్లీని, ఈ పర్యాయము జాగ్రత్తగా, పోసినాము. పాత మూతలనే కడిగి బిగించినాము. నెల తిరుగకముందే మూడు సీసాలలో బూజు కనబడినది; నాల్గవది వెల్లుల్లి వాసన వేసినది. గాజుకు అంటని వాసన మూతలోని మెత్తని పొరకు అంటును. ఆ పొర ఒకసారి సీసా అంచుకు ఒత్తుకొని గాడిపడిన తరువాత, రెండవసారి మరియొక అంచుపై సరిగా కూర్చొనదు. మనము యంత్రములకు పాత గాస్కెట్టును తిరిగి వేయుదుమా? మూత అనగా గాస్కెట్టే. సీసా పాతది కావచ్చును. మూత మాత్రము ప్రతిసారియు క్రొత్తది కావలెను.

క్రొత్త మూతలకై మేము పోయినది క్యానింగ్ స్ట్రీటుకు. ఈ పేరు విని, డబ్బాలలో ఆహారము నిల్వ చేయు పని వలన వచ్చిన పేరనుకొన్నవారిని మేమెరుగుదుము. ఆ వీధికి పేరిచ్చినవాడు లార్డ్ క్యానింగ్. ఆయన 1858 నవంబరులో ఈ దేశమునకు మొదటి వైస్రాయి ఆయెను. చిత్రమేమనగా, ఆ నవంబరు 30వ తేదీననే అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ అను రేకుపనివాడు మర మూత గల గాజు సీసాకు పేటెంటు పొందినాడు. గృహిణులు ఇంటనే పండ్లు నిల్వ చేసికొనుట ఆ సీసాతోనే వ్యాపించినది. అంతకు ముందే, 1810లో, నికొలా అపేర్ అను ఫ్రెంచి మిఠాయి వ్యాపారి సీసాలలో ఆహారముంచి, బిరడా బిగించి, నీటిలో మరగించు పద్ధతిని గ్రంథస్థము చేసి, ప్రభుత్వము నుండి 12,000 ఫ్రాంకుల బహుమానము పొందినాడు. ఆహారము ఎందుకు చెడలేదో ఆయనకు తెలియదు. దానిని పాశ్చర్ తేల్చుటకు మరి యాబది యేండ్లు పట్టినది.

మూతలు 53, 63, 70, 82 మిల్లీమీటర్లు మొదలగు కొలతలలో వచ్చును. కావున సీసాలు కొనునప్పుడు ఒకే మూతి కొలత గలవానిని ఏరుకొనుట మేలు. మా యింట ఇప్పుడన్నియు 63 కొలతవే. తీగ కొక్కెము సీసాలకైనచో రబ్బరు వలయము క్రొత్తది దొరకిననే కొనవలెను.

జామ్, జెల్లీ పోయు పద్ధతి ఇది. సీసాలను వేడినీటిలోనే ఉంచి, ఒక్కొక్కటిగా తీసి, చెక్కపలకపై గాని, మడతగుడ్డపై గాని పెట్టవలెను, రాతిగట్టుపై కాదు. వేడి సీసాలో వేడి పదార్థము పోసి, అంచు నుండి సుమారు 6 మిల్లీమీటర్లు ఖాళీ విడిచి, అంచును తడిగుడ్డతో తుడిచి, క్రొత్త మూత బిగించి, సీసా మునుగునంత వేడినీటిలో పది నిమిషములు మరగించవలెను. చల్లారునప్పుడు లోపలి ఆవిరి కుదించుకొని మూత నడుమ భాగము లోనికి లాగబడును. వ్రేలితో నొక్కిన టక్కున కదలరాదు. కోల్‌కతా సముద్రమట్టమునకు దగ్గరగా నున్నది గనుక నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. హైదరాబాదు, బెంగుళూరు వంటి ఎత్తైన చోట్లకు బదిలీయైనవారు మరి ఐదు నిమిషములు కలుపుకొనవలెను. జామ్‌లో చక్కెర మూడింట రెండువంతులుండవలెను. ఆరోగ్యము పేర తగ్గించినచో అది నిల్వ జామ్ కాదు, ఫ్రిజ్‌లో పెట్టుకొని వారములో తినవలసినది.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. మా సీసాలు, క్రొత్త మూతలు, టక్కుమనని బిగింపు చూచి మా పొరుగున ఉన్న సహోద్యోగి సతీమణి ముచ్చటపడినారు. వారిది విజయనగరము వైపు. విశాఖలో కూడ మేము కలిసి ఉన్నవారమే. ఆ చలికాలమున బఠాణీలు మిక్కిలి చవకగా నుండగా, ఆమె మావంటి సీసాలే ఐదు కొని, ఉప్పునీటిలో బఠాణీలు నింపి, గంటసేపు మరగించి, క్రొత్త మూతలు బిగించినారు. హాస్టలులో ఉన్న కుమారునికి పంపుటకు. మాకు సంతోషముగా చూపినారు. మూతలన్నియు లోనికి లాగి, చక్కగా బిగిసియుండెను.

మేము అవి వాడవద్దని చెప్పవలసివచ్చినది.

"ఇన్ని బఠాణీలు పారబోయమంటారా అన్నయ్యగారూ? మీరు చెప్పినట్లే గదా చేశాను! మూత చూడండి, ఎంత గట్టిగా ఉందో" అన్నారామె.

మూత గట్టిగా నుండుటయే అచ్చటి ప్రమాదము. మట్టిలో సహజముగా నుండు క్లాస్ట్రీడియం బొట్యులినం అను సూక్ష్మజీవి యొక్క బీజములు మరుగు నీటిలో చావవు. వానిని చంపుటకు 121 డిగ్రీల వేడి, తగినంత సేపు, సీసా నడిబొడ్డు వరకు చేరవలెను. మరిగిన సీసాలో వాటికి పోటీపడు జీవులన్నియు చచ్చియుండును, గాలి ఉండదు, తేమయు, పోషణయు ఉండును. ఆ జీవికి కావలసినది సరిగా ఇదియే. అది పుట్టించు విషము నరములను స్తంభింపజేసి, ఊపిరాడకుండ చేయగలదు. కొన్నిసార్లు మూత ఉబ్బును. కొన్నిసార్లు రంగు, రుచి, వాసన ఏ మార్పును ఉండదు.

దానిని అడ్డగించునది పులుపు. పి.హెచ్. కొలత 4.6కు లోబడియున్నచో అది పెరుగజాలదు. మామిడికాయ, నిమ్మ, ఉసిరి, చింతపండు, చాలవరకు పండ్లు ఈ హద్దునకు లోబడియుండును. బఠాణీ, చిక్కుడు, మొక్కజొన్న, పుట్టగొడుగు, చేప, మాంసము ఉండవు. టొమాటో హద్దుకు అటునిటు నుండును గనుక లీటరు సీసాకు అర టీచెంచాకు తక్కువ కాకుండ సిట్రిక్ ఆమ్లము కలుపవలెను. పచ్చి వెల్లుల్లి రెబ్బలను పులుపు లేకుండ నూనెలో ముంచి బయట నిల్వ ఉంచుట కూడ ప్రమాదమే. ఇంటి ప్రెషర్ కుక్కరులో ఆ వేడి రాదా యని అడుగవచ్చును. కుక్కరు లోపలి ఆవిరి ఆ దరిదాపులకు వచ్చును. కాని సీసా మధ్యనున్న గింజకు ఆ వేడి ఎంతసేపు తగిలినదో కొలుచు సాధనము మనకు లేదు. పైగా జామ్ సీసాను ఆ ఒత్తిడికి, ఆ వేడికి చేయలేదు.

ఇదంతయు ఆమెకు చెప్పినాము. మా సహోద్యోగి మౌనముగా విన్నారు. సాయంత్రము ఆమె ఐదు సీసాలను మూత తీయకుండనే సంచిలో కట్టి పారవేసినారు. తరువాత రెండు మూడు నెలలు మా యింటికి రాలేదు. మా శ్రీమతి ఉగాది పచ్చడి పంపిన గిన్నె కడిగి తిరిగి వచ్చినది. ఆనవాయితీగా దానిలో ఉండవలసిన చక్కెర ఉండలేదు.

ఆ సీసాలలో విషముండెనో, నిక్షేపముగా నుండెనో మాకు ఇప్పటికిని తెలియదు. బహుశః ఏమియు ఉండియుండదు. భద్రతా విభాగములో పనిచేసిన పాఠకులు ఈ బాధను గుర్తింతురు: ప్రమాదము జరుగనప్పుడు, జరుగనీయని వానికి చూపుకొనుటకు ఆధారము ఉండదు. అయినను మరల అట్టి సందర్భము వచ్చిన మేము అదే చెప్పుదుము. ఆవకాయ రోజులలో, మామిడికాయలు తరుగుటకు మనిషి చాలక అమ్మగారు స్వయముగా వెళ్ళి పిలువగా, ఆమె కత్తిపీటతో సహా వచ్చినారు. ఇప్పుడు ఆమె బఠాణీలను ఒక్క నిమిషము మరుగు నీటిలో ముంచి తీసి, ఫ్రీజరులో పెట్టుకొనుచున్నారు.

ఆవకాయ సంగతితో ముగింతుము. దీనికి సీసాను మరగించి నింపు పని లేదు; ఉప్పు, పులుపు, ఆవ ఘాటు, నూనె కలిసి కాపలా కాయును. కావున వేడి పరీక్షలో మాకు అనుమానము మిగిల్చిన సీసాకైనను, అంచు, లోపలి గోడలు శుభ్రముగా నున్నచో, ఇచ్చట ఉపయోగము కలదు. తడి మాత్రము చుక్కైనను ఉండరాదు. నూనె ముక్కలపై తేలవలెను. ఇనుప రేకు మూతను ఉప్పు, పులుపు తినివేయును గనుక గాజు మూతయో, ఆహారమునకు తగిన ప్లాస్టిక్ మూతయో వాడవలెను. ఇక్కడి వారు అక్షయ తృతీయనాడు ఆవాలు కడిగి కాసుందీ చేయుదురు. మా క్రింది యింటి వంగ సోదరి తెచ్చిన కాసుందీని అమ్మగారు నాలుక మీద వేసుకొని, "ఇది మన ఆవకాయకు చెల్లెలే" అన్నారు. అటక మీది జాడీ క్రిందికి దిగినది. దానిలో మా యింటి ఆవకాయ. ప్రక్కన చాచా సీసాలలో బంధువులకు, పొరుగువారికి పంపవలసినది.

ఉత్తరము వ్రాసిన సోదరికి మా జవాబు ఇది: కొనుడు, తప్పక కొనుడు. చీటీ చూచి, అంచు చూచి, అడుగు చూచి కొనుడు. మూతను అతని వద్దనే విడిచి రండు. పుల్లనిది, తియ్యనిది, ఉప్పనిది మీ ఇష్టము. కూరగాయలను మాత్రము నీటిలో సీలు చేయవద్దు. మొదటిసారి వెళ్ళునప్పుడు తోడు కావలసినచో మా కార్యాలయమునకు ఒక మాట తెలుపుడు. ఆదివారము ఉదయము మేమే దారి చూపగలము. పాత మేజోడు మాత్రము మీరు తెచ్చుకొనవలెను.

వచ్చే సంచికలో వర్షాకాలమున ఇంటి గోడల చెమ్మ గూర్చి ముచ్చటించుకొందాము. మీ అనుభవములను వ్రాయగోరుచున్నాము.